ముప్పై రెండు దెబ్బల ఖాళీ

ఫణిభూషణ్ ఆ వారం పంపిన పదిహేడో పాట కూడా వేణువుతోనే మొదలైంది.

గౌసియా హెడ్‌ఫోన్ పీకి బల్ల మీద విసిరింది. విసిరాక మళ్లీ తీసి, పగల్లేదు కదా అని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అది ప్రయోగశాల సామాను. పోయినసారి ఒక వైరు తెగితే మూడు ఫారాలు నింపించి, నాలుగు సంతకాలు పెట్టించారు.

"ఫణిగారూ, ఒక్కమాట అడుగుతా, నిజం చెప్పండి. నేను ఏ భాషలో చెప్తే మీకు ఎక్కుద్ది?"

ఫణిభూషణ్ నొచ్చుకున్నాడు. పాటలు కూర్చేందుకు ఆ ప్రయోగశాల పెట్టుకున్న కుర్రాడతను. సినిమాలకు సంగీతం కట్టి పేరు తెచ్చుకోవలసిన తనని విధి తెచ్చి ఈ గుండెజబ్బుల కొంపలో పడేసిందని అతని బాధ.

"మొదట్లో కాస్త ఫీల్ ఉండాలి కదండీ. ఎత్తుకోవడమే డబ్బుడబ్బుమంటే వినేవాళ్లకి విసుగురాదూ?"

"వినేది మనిషి కాదయ్యా మహానుభావా, గుండె! దానికి ఫీలూ గీలూ అక్కర్లా. మొదట ముప్పై రెండు దెబ్బలు ఖాళీ. ఒట్టి దరువు. వేణువొద్దు, వీణొద్దు, బేసొద్దు. చివర మళ్లీ ముప్పై రెండు, అదే ఒట్టి దరువు. నడిమధ్యలో మీ ఇష్టం, ఏడిపించుకోండి, నవ్వించుకోండి. అది కూడా ముప్పై రెండుకొకసారే మార్చండి. రెండు నెలల్నించి ఇదే చెప్తన్నా. మీ పాటకి గుమ్మం అనేదే ఉండట్లా. పక్కపాట గోడదూకి రావాలా ఏంది?"

"సరేనండీ, మారుస్తాను," అన్నాడు ఫణిభూషణ్. పోయిన పదహారుసార్లూ ఇదే గొంతుతో ఇదే మాట అన్నాడు.

గౌసియా పదకొండేళ్లుగా పెళ్లి ఊరేగింపుల్లో డీజే. చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా ఆమె పాటలకి ఎగరని పెళ్లివారు లేరు. ఆ పనిలో కిటుకంతా ఒక్కటే: ఒక పాట అయిపోతున్న సంగతి ఆడేవాళ్లకి తెలియకూడదు. వెళ్లే పాట చివరనున్న ఒట్టి దరువు మీద వచ్చే పాట మొదటి ఒట్టి దరువు పరిచి, రెండూ ఒకే అడుగు వేస్తుండగా పాతదాన్ని మెల్లగా తగ్గించి కొత్తదాన్ని పెంచాలి. ఆ ఖాళీ లేకపోతే రెండు రాగాలూ రెండు బేసులూ ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి. ఊరేగింపులో అలా జరిగితే పెళ్లికొడుకు బాబాయి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి డీజే వంక గుడ్లురిమి చూస్తాడు. ఇక్కడ జరిగితే ఆమె నాన్న చచ్చిపోతాడు.

ఆయన పేరు షేక్ మీరావలి. డోలు విద్వాంసుడు. యాభై ఏళ్లు గుళ్లలో, పెళ్లిళ్లలో సన్నాయి పక్కన కూర్చుని వాయించాడు. పది నెలల కిందట ఆయన గుండెకి సొంతంగా కొట్టుకునే శక్తి పోయింది. లోహపు యంత్రం రెండుసార్లు లోపల పెట్టారు. రెండుసార్లూ చీముపట్టి తీసేశారు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న రోజున డాక్టర్ సుభాషిణి అనే ఆవిడ కబురుపెట్టి, గుంటూరు శివారులో ఉన్న తన ప్రయోగశాలకి రప్పించింది.

ఆవిడ గుండె కండరంలోని కణాలకు చెవి లోపలి కణాలను అంటుకట్టి తమలపాకంత పొర ఒకటి పెంచింది. దాన్ని మీరావలి గుండె మీద అతికించారు. ఆ పొర వింటుంది. రొమ్ము మీద అంటించిన రూపాయి బిళ్లంత స్పీకరు ఒక దెబ్బ కొడితే పొర ముడుచుకుంటుంది, దానితోపాటు గుండె కూడా. నిమిషానికి నూట ఇరవై ఎనిమిది దెబ్బల డాన్సు దరువు వేస్తే, ఒకటి విడిచి ఒకటి పట్టుకుని అరవై నాలుగు కొట్టుకుంటుంది. డెబ్బై దాటిన మనిషికి అది చాలు.

మొదట్లో గడియారంలాగా ఒకే టిక్కు వేసి చూశారు. ఆరు నిమిషాలు దాటేసరికి పొర వినడం మానేసింది. మారకుండా వచ్చే చప్పుడుని చెవి పట్టించుకోదు. మన ఇంట్లో ఫ్యాను చప్పుడు మనకి వినపడుతుందా? అందుకని ఆరు నిమిషాలకొక పాట పెట్టారు. పాట మారే చోటల్లా గుండె ఆగినంత పని చేసింది. బల్ల మీద నాన్న నీలంగా మారిపోతుంటే చూడలేక, గౌసియా తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "మీలో ఒక్కళ్లకన్నా పాట కలపడం వచ్చా?" అని అరిచింది. అంతంత చదువులు చదివినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమెకి ఆ ప్రయోగశాలలో ఉద్యోగం అలా వచ్చింది.

రోజుకి రెండువందల నలభై పాటలు. రెండువందల నలభై కలపడాలు. ముందురోజే వరుసగా కలిపి, మీరావలి నడుముకి కట్టిన డబ్బాలోకి ఎక్కించి పంపాలి. మర్నాడు మళ్లీ మొదటికి.

ప్రయోగశాలకి రెండు వీధుల అవతల ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఆ ఇంట్లో దరువు ఆగదు. స్పీకరు చిన్నదే, చప్పుడు తక్కువే, కానీ ఒకసారి చెవిన పడ్డాక ఇక వదలదు.

"ఏమే గౌసీ," అంది తల్లి ఖాసింబీ, కత్తిపీట ముందు కూర్చుని. "నేను ఉల్లిపాయలు తరుగుతున్నానా, దరువు నా చేత తరిగిస్తందా? తస్బీ తిప్పుదామని కూర్చుంటే పూసలు కూడా దాని లెక్కకే జారుతున్నయ్యి. పాలవాడు గుమ్మంలో నిలబడి తల ఊపుతున్నాడు. వాడి తలకాయ పగలగొట్టాలనిపిస్తంది."

"ఓర్చుకోమ్మా. అది నాన్న ప్రాణం."

"ప్రాణమే లేవే. ప్రాణానికి కాస్త నోరు మూసుకోవడం నేర్పమంటన్నా."

మంచం మీద మీరావలి దిండుకి ఆనుకుని కూర్చుని, కూతుర్ని చూడగానే రోజూ అడిగేదే అడిగాడు. "ఏందే ఇది? ఎప్పుడు అయిపోద్ది?"

"అయిపోదు నాన్నా. అయిపోకూడదు. అయిపోయినట్టు తెలియకుండా ఇంకోటి వస్తది. నేను చేసేదే అది."

"అయిపోనిది పాటెట్టా అవుద్ది? నీ మీటల మేళం నువ్వూ." ఆయన గోడవైపు తిరిగాడు. అన్నదమ్ముల పిల్లలు ముగ్గురికి డోలు నేర్పిన మనిషి, కూతురు చేసే పనికి పెట్టిన పేరు అది. పదకొండేళ్లలో ఒక్క ఊరేగింపుకీ వచ్చి వినలేదు. ఇప్పుడేమో రోజంతా వినక తప్పడం లేదు. దానికి ఎవర్ని తిట్టాలో తెలియక అందర్నీ తిడుతున్నాడు.

మూడో నెలలో కొత్త తలనొప్పి వచ్చిపడింది. పాట మారే చోట గుండె తడబడుతోంది. నిద్రలో ఏమీ లేదు, మెలకువగా ఉన్నప్పుడే. డాక్టర్ సుభాషిణి గీతల కాగితాలు బల్ల నిండా పరిచి, కళ్లజోడు పైకి తోసి, "మీ కలపడంలోనే ఎక్కడో లోపం ఉన్నట్టుందమ్మా," అంది.

గౌసియాకి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు రోజులు కూర్చుని రెండువందల నలభై అతుకులూ ఒక్కొక్కటే విన్నది. ఒక్కచోట వెంట్రుకవాసి తేడా లేదు. ఫణిభూషణ్ మీద అనుమానం వచ్చి అతన్ని ఝాడించింది. అతను నిజంగానే ఈసారి ఖాళీలు సరిగ్గా వదిలాడు. వదిలినందుకు కూడా తిట్లు పడ్డాయని మొహం మాడ్చుకున్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చి, అన్నం కలుపుకుంటూ నాన్న వంక చూసింది. పాట చివరికి వచ్చింది. రాగం తప్పుకుంది. బేస్ తప్పుకుంది. ఒట్టి దరువు మిగిలింది. మీరావలి కళ్లు మూసుకున్నాడు. ఆయన కుడిచేతి వేళ్లు మెల్లగా రొమ్ము ఎముక మీదికి పాకి వాయించడం మొదలుపెట్టాయి.

గౌసియా ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

యాభై ఏళ్లు మేళంలో బతికిన మనిషికి, సన్నాయి ఆగి ఒట్టి తాళం మిగిలిందంటే అర్థం ఒక్కటే: ఇక నీ వంతు, కానివ్వు. వాయించాలి, వాయించి ఒక ముక్కని మూడుసార్లు తిప్పి, చివరి దెబ్బ సరిగ్గా తాళం ఎత్తుగడ మీద పడేటట్టు ముక్తాయింపు ఇచ్చి ముగించాలి. పక్కపాట వచ్చి కూర్చోవడానికని ఆమె ఊడ్చి, తుడిచి పెట్టిన ముప్పై రెండు దెబ్బల ఖాళీలో, ఈయన మెలకువగా ఉన్నంతసేపూ దర్జాగా డోలు వాయించుకుంటున్నాడు!

స్పీకరుకంటే వేలు దగ్గర. పొర ఆ వేళ్ల మాటే వింటోంది. ముక్తాయింపు అవగానే వేళ్లు ఆగుతాయి. కచేరీ అయిపోయిందనుకుని పొర కూడా ఆగుతుంది. రెండు సెకన్లో రెండున్నర సెకన్లో గడిచాక గానీ స్పీకరులో కొత్తపాట మోగుతున్న సంగతి దానికి తెలియదు.

"నాన్నా! ఏం చేస్తన్నావు నువ్వు?"

"ఏం చేశా?"

"ఆ ఖాళీ నీకు కాదు!"

"మరెవరికి?" మీరావలికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "చోటిచ్చి, తాళం వేసి పెడితే డోలోడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? నాకు ఆ మాత్రం మర్యాద తెలియదనుకున్నావా?"

"మర్యాద కాదు నాన్నా, నీ గుండె ఆగిపోతంది!"

"నాకేం తెలియట్లేదే. కాస్త కళ్లు తిరుగుతున్నయ్యంతే."

గౌసియా తల పట్టుకుంది. ఖాసింబీ ఒట్టు వేయించుకుంది. ఆయన మనస్ఫూర్తిగానే ఒట్టు వేశాడు, ఆరు నిమిషాలకి వేళ్లు మళ్లీ రొమ్ము మీదికి వచ్చాయి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నారు. కూర్చున్నాడు. మాటల్లో పడి ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియదు. శుక్రవారం నాడు నాలుగు సెకన్లు ఆగింది. ఎదురుగా ఉన్న పళ్లెంలోకి ఒరిగిపోయాడు. సాంబారు మొహాన, ఖాసింబీ కేకలు, పక్కింటివాళ్ల పరుగులు. డాక్టర్ సుభాషిణి వచ్చి, మొహం చూసి, నాడి చూసి, సంచిలోంచి దూదిపెట్టి కుట్టిన చేతితొడుగులు తీసింది. మణికట్టు దగ్గర తాడుతో బిగించేవి.

"ఈసారి ఐదు సెకన్లు ఆగితే నేనేమీ చెయ్యలేను. కట్టెయ్యండి," అంది.

"నా చేత్తో నేను కట్టలేను తల్లీ," అని ఖాసింబీ వంటింట్లోకి వెళ్లిపోయింది. అందుకని గౌసియానే కట్టింది. ఆయన పెనుగులాడలేదు. ఒక చెయ్యి అయ్యాక రెండోది ఆయనే ముందుకు చాచాడు. అదే ఆమెకి భరించరానిదైంది.

ఆ తర్వాత వారమంతా గీతల్లో ఒక్క తడబాటు లేదు. డాక్టర్ సుభాషిణి సంతోషం పట్టలేక ఢిల్లీ సభలో చూపించడానికి బొమ్మలు తయారు చేయించింది. ఫణిభూషణ్ మిఠాయిలు తెచ్చాడు. ఇంట్లో మీరావలి మాట్లాడటం మానేశాడు. ఖాసింబీ ముద్దలు కలిపి నోట్లో పెడితే రెండు తిని, మూడోదానికి తల తిప్పేవాడు.

ఎనిమిదోరోజు ఉన్నట్టుండి, "గౌసీ, పెళ్లిలో గట్టిమేళం ఎప్పుడు వాయిస్తారే?" అన్నాడు.

"తాళి కట్టేటప్పుడు."

"కట్టినాక?"

"ఆపుతారు."

"ఆపకపోతే ఎట్టా ఉంటది? భోజనాలకాడ గట్టిమేళం, నిద్దట్లో గట్టిమేళం, దొడ్డికి పోతే గట్టిమేళం. మూణ్నెల్ల నించి నన్ను అందులో కూర్చోబెట్టావు. తాళీ కట్టరు, మేళమూ ఆపరు. ఎక్కడన్నా ఒక్కచోట నేను ముగించుకుంటంటే చేతులు మూట కట్టావు." దూదిమూటలు రెండూ ఎత్తి చూపించాడు. గొంతులో కోపం లేదు. "ఆ డాక్టరమ్మకి చెప్పి ఈ బిళ్ల తీయించెయ్యి. సోమవారం దాకా చూస్తా. తీయకపోతే నేనే తీసుకుంటా. చేతులు లేకపోయినా పళ్లున్నయ్యిగా."

ఊరికే బెదిరించే మనిషి కాదు. యాభై ఏళ్లలో ఒప్పుకున్న మేళం ఒక్కటీ ఎగ్గొట్టలేదు, వద్దనుకున్నది ఒక్కటీ వాయించలేదు. సోమవారానికి మూడు రోజులుంది.

గౌసియా ప్రయోగశాలకి వెళ్లి పాత గీతలన్నీ మళ్లీ ముందేసుకుంది. ఏం వెతుకుతోందో ఆమెకే తెలియదు. తండ్రి మీద కోపం, డాక్టరు మీద కోపం, కట్టిన తన చేతుల మీద మరీ కోపం. ఆ కోపంలోనే రెండో రోజు సాయంత్రం ఒకచోట ఆగింది. తడబాట్లు వందల కొద్దీ ఉన్నాయి. వాటి మధ్య మూడంటే మూడుచోట్ల, ఆయన వాయించాడు, ముక్తాయించాడు, అయినా గుండె తడబడలేదు. తడబడకపోవడం కాదు, ఆమె కలిపిన ఏ అతుకులోనూ లేనంత నున్నగా దాటింది. ఆ మూడుచోట్లా ఆయన చివరి దెబ్బ, అనుకోకుండా, కొత్తపాట పూర్తి బలంతో ఎత్తుకునే దెబ్బ మీదే పడింది.

డాక్టర్ సుభాషిణి ఆ గీతల్ని చాలాసేపు చూసింది.

"ఒకే ముక్క మూడుసార్లు వింటోంది కదా," అంది నెమ్మదిగా. "రెండోసారికే పొరకి అర్థమైపోతోంది, ఆ చివరి దెబ్బ ఎక్కడ పడుతుందో. ముందే కాచుకుని ఉంటోంది. ఆ క్షణాన అక్కడ కొత్తపాట దొరికితే దాన్ని పట్టుకుంటుంది. దొరక్కపోతే ఆగిపోతుంది."

"అంటే చేతులు కట్టక్కర్లేదు. ఆయన ముగించిన చోట నేను మొదలుపెడితే చాలు."

"ఎక్కడ ముగిస్తారో ముందు చెప్పమనండి."

అదే వచ్చింది చిక్కు. మీరావలిని అడిగితే, "వచ్చినప్పుడు వస్తది. ముందే ఎట్టా తెలుస్తది?" అన్నాడు. ఆరుసార్లు వాయిస్తే ఆరూ వేరు. ఒకటి ఎనిమిదో దెబ్బకి ముగుస్తుంది, ఒకటి ముప్పై రెండూ దాటి నలభైకి పోతుంది. డాక్టర్ సుభాషిణి తన కంప్యూటరుకి ఆ పని అప్పగించింది. ఆదివారం ప్రయోగశాలలోనే తొడుగులు విప్పి, చుట్టూ మందులూ మనుషులూ సిద్ధం పెట్టుకుని, వాయించమన్నారు. నాలుగుసార్లు కంప్యూటరు సరిగ్గా పట్టుకుంది. ఐదోసారి మీరావలి ముక్కని మూడోసారి తిప్పి ముగిస్తున్నట్టే ముగించబోయి, చివరి అంగలో తప్పించి, ఇంకో ముక్క ఎత్తుకున్నాడు. కంప్యూటరు ముందే దూకింది. రెండు దరువులు కలబడ్డాయి. ఆయన్ని మళ్లీ మామూలు చెయ్యడానికి ఇద్దరు డాక్టర్లకి చెమటలు పట్టాయి.

"కావాలని చేశావు నాన్నా నువ్వు!"

"చేశా," అన్నాడు ఆయన, ఆక్సిజన్ గొట్టం కిందనుంచి, పది రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతూ. "నా పక్కన కూర్చునేవాడు అది పట్టుకోవాలా వద్దా? సన్నాయి సుబ్బయ్యని ఎన్నిసార్లు ఏడిపించానో ఇట్టా. వాడు ఒక్కసారీ బోల్తా పడలా."

ఒళ్లు మండిపోయింది గౌసియాకి. మండిన ఒంటితోనే అంది: "జరగండి మేడం. నేను కూర్చుంటా."

రోజుకి ఒక గంట, ఉదయం పది నుంచి పదకొండు దాకా, తొడుగులు విప్పేట్టు ఒప్పందం కుదిరింది. మిగతా వేళల్లో పాత పద్ధతే, పాత ఖాళీలే. ఆ గంటకి పది పాటలు, పది ముగింపులు. దానికి బదులు మీరావలి బిళ్ల జోలికి వెళ్లనన్నాడు.

ఆ పది పాటల కోసం ఫణిభూషణ్‌ని పిలిచి, "వీటికి మొదట్లో ఖాళీ వద్దు," అని చెప్పింది గౌసియా.

"ఏంటండీ?"

"ఎత్తుకోవడమే పూర్తి బలంతో ఎత్తుకోవాలి. మొదటి దెబ్బ నుంచీ పాటే."

"మూడు నెలలు ఖాళీ, ఖాళీ అని నా ప్రాణం తీశారు కదండీ!"

"తీశా. ఇప్పుడొద్దంటన్నా."

ఫణిభూషణ్ ఆశగా, "పోనీ, వేణువు పెట్టుకోవచ్చా?" అన్నాడు.

"మొదటి దెబ్బ మీద ఏనుగుని పెట్టుకోండి. దెబ్బ మాత్రం వినపడాలి."

ఆ గంట ఎలా గడుస్తుందో గౌసియాకే తెలుసు. తండ్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. ఎడమచెయ్యి మీట మీద. ఎదురుగా తెర మీద గుండె గీత. ఆయన చివరి దెబ్బా, ఆమె మీటా ఒక్క క్షణాన పడాలి. రొమ్ము మీద దెబ్బ పడకుండా పాట ఒక్కటే వస్తే పొర దాన్ని గుర్తుపట్టదు. పాట లేకుండా దెబ్బ ఒక్కటే పడితే ఆగిపోతుంది. పక్కగదిలో డాక్టరు, చేతిలో సూది. వంటింటి గుమ్మంలో ఖాసింబీ, చేతిలో గరిటె, కూర మాడుతున్నా కదలదు.

మొదటిరోజు ఆలస్యం. ఒకటిన్నర సెకను పోయింది. "నిద్రపోతన్నావా?" అన్నాడు మీరావలి, తేరుకోగానే. రెండోరోజు ముందే నొక్కింది. "ఎక్కడికే ఆ తొందర? రైలుందా?" వారం గడిచింది. పదిలో ఏడు, ఎనిమిది పట్టుకుంటోంది. ఆయనకి అది చాలదు.

"పెదాలు కదుపుతున్నావు. కందిపప్పు కొలుస్తన్నావా?"

"లెక్కపెట్టకపోతే ఎట్టా తెలుస్తది నాన్నా?"

"లెక్కపెడితే అసలు తెలియదు. నేను ఆపేచోటుకి నీ లెక్క వచ్చేసరికి నేను అక్కడ ఉండను."

"అయితే ఏం చెయ్యాలో చెప్పు!"

"విను."

"వింటూనే ఉన్నాగా! మూడు నెలల్నించి వినడం తప్ప నేను ఇంకేం చేస్తన్నాను? నీ పెంకితనానికి నా జుట్టంతా తెల్లబడింది. ఒక్కరోజన్నా సూటిగా వాయించొచ్చుగా, నీ కూతురి మొహం చూసి!"

"సూటిగా వాయించేదానికి నువ్వెందుకు? ఆ కంప్యూటరు చాలు."

మర్నాడు మళ్లీ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ మర్నాడు కూడా. క్రమంగా తొమ్మిది. ఒకరోజు పదికి పది. ఆ రోజు మీరావలి ఏమీ అనలేదు. తిట్టకపోవడమే ఆయన దగ్గర పొగడ్త అని తెలిసినా, ఒక్కమాట అంటే ఏం పోయిందని ఆమెకి ఏడుపొచ్చింది.

తర్వాతి మంగళవారం, నాలుగో పాట చివర. రాగం తప్పుకుంది. దరువు మిగిలింది. మీరావలి కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. ఆ రోజు చెయ్యి తేలికగా ఉంది. నడక మార్చి, విరిచి, మళ్లీ కలిపి, వింటున్న గౌసియా మీట సంగతి కూడా మరిచిపోయేట్టు వాయించాడు. ముక్తాయింపుకి దిగాడు.

తద్ధింగిణతొం.

తద్ధింగిణతొం.

తద్ధింగిణ...

చెయ్యి పైకి లేచింది. పైనే ఉండిపోయింది.

గౌసియా ఏమీ అనుకోలేదు. అనుకునేంత వ్యవధి లేదు. ఎడమచెయ్యి మీట నొక్కింది. కుడిచెయ్యి దానంతటదే వెళ్లి తండ్రి రొమ్ము ఎముక మీద పడింది.

తొం.

తెర మీద గీత లేచింది. మళ్లీ లేచింది. గుండె కొత్తపాటలోకి అడుగుపెట్టి నడిచిపోయింది.

గుమ్మంలో గరిటె కిందపడిన చప్పుడైంది. గౌసియా నోరు లేచింది.

"బుద్ధుందా నాన్నా నీకు? చెయ్యి రాలేదా? నొప్పిగా ఉందా? ఏమైంది?"

"ఏమీ కాలా. చెయ్యి బానే ఉంది."

"మరి?"

"నేనే వెయ్యలా."

ఆమె మొహం ఎర్రబడింది. "వెయ్యలేదా? కావాలని? నేను వెయ్యకపోతే? చచ్చిపోయేవాడివి! ఇక్కడే, నా ముందర, అమ్మ ముందర! నాకేమన్నా అయ్యేది! ఎందుకు చేశావట్టా?"

మీరావలి ఎత్తిన చెయ్యి నెమ్మదిగా ఒడిలో పెట్టుకున్నాడు. ఆ వేళ్లు కొంచెం వంకరపోయి ఉన్నాయి, ఇన్ని రోజులూ ఆమె చూస్తూనే ఉంది, చూడనట్టే ఉంది.

"ఇయ్యాళ బానే ఉంది. ఎప్పుడో ఒకనాడు సగంలో ఆగుద్ది. ఆ రోజుకి ఆ దెబ్బ వేసేవాళ్లు ఒకళ్లు ఉండొద్దూ?"

"అయితే ముందు చెప్పొచ్చుగా! నాన్నా, ఒక్కమాట చెప్పి చెయ్యొచ్చుగా!"

"చెప్తే లెక్కపెట్టుకునేదానివి," అన్నాడు మీరావలి.

గౌసియాకి కళ్లనీళ్లు ధారగా కారుతుంటే భుజంతో తుడుచుకుంది, ఎందుకంటే ఎడమచెయ్యి ఇంకా మీట మీదే ఉంది, కుడిచెయ్యి ఇంకా ఆయన రొమ్ము మీదే ఉంది. దాని కింద గుండె కొట్టుకుంటోంది. పాటలో ఇంకా ఐదు నిమిషాలుంది.

"జరుగు," అంది, స్టూలు కాలితో వెనక్కి తన్ని, మంచం మీదికి ఎక్కి కూర్చుంటూ. "అక్కణ్నించి చెయ్యి అందట్లా."